అలారం ఆపాక పది నిమిషాలు గడిస్తే మాత్ర సంగతే గుర్తుండట్లేదు, ఏం చేయాలి?

మాది పర్లాకిమిడి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని టీకి కనీసం అరగంట ఆగాలి, అందుకే ఆరింటికి అలారం. మోగగానే వేసుకుంటే ఏ గొడవా లేదు. కానీ వీధి కుళాయికి ఒక టైమంటూ లేదు, సరిగ్గా అప్పుడే నీళ్లొస్తే ‘ఈ బిందె నిండాక చూద్దాంలే’ అని అలారం ఆపేస్తాను, ఇంక టీ సగం తాగాక గుర్తొస్తుంది.

స్నూజ్ పెడితే అది మోగేసరికి ఫోన్ ఇంట్లో, నేను కుళాయి దగ్గర. వారం గళ్ల డబ్బా కొన్నాను, వేసుకున్నానో లేదో చెబుతుంది గానీ వేసుకోమని చెప్పదు కదా. ఫ్రిజ్ మీద చీటీ కొన్నాళ్లకే కంటికి ఆనడం మానేసింది. వేరే పనిలో ఉంటే సెకన్ల ఆలస్యానికే అనుకున్న పని మర్చిపోతారని 2003లో ఐన్‌స్టైన్ (ఆ ఐన్‌స్టైన్ కాదు), మెక్‌డేనియల్ అనే సైకాలజిస్టుల బృందం చెప్పిందట, మరి నాకు నిమిషాలు.

చేతులు ఖాళీ లేనప్పుడు అలారం మోగితే, పని అయ్యాక మాత్ర గుర్తు రావడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏంటి?