అప్‌డేట్: స్నానాల గది కిటికీ మీది నల్ల పురుగు ఏమిటో తేలింది

విశాఖ సీతమ్మధారలోని మా ఇంట్లో, తోకను జెండాలా ఆడిస్తూ తిరిగే నల్ల పురుగు ఏమిటని అడిగాను కదా, గుర్తుందా? అది ఇవానియా అపెండిగాస్టర్ అనే కందిరీగ. 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన జీవి. బదులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పక్కనుంచి ఫొటో తీయమన్న సలహాయే పనిచేసింది. చిన్న పొట్ట నడుము కింది భాగానికి కాకుండా, సన్నని కాడతో వీపు పైభాగానికి అతుక్కుని ఉంటుంది. జంతుశాస్త్రం బోధించే ఒక మేడమ్ అది చూసి ఏ కీటక కుటుంబానికి చెందినదో చెప్పారు. తరువాత భూతద్దం కింద రెక్కల ఈనెలు, నీలి కళ్ళు చూసి జాతిని ఖాయం చేశారు.

వంటగది అల్మారా వెనుక దొరికిన బొద్దింక గుడ్ల తిత్తి అసలు సాక్ష్యం. తిత్తికి ఒక పక్కన గుండ్రటి రంధ్రం ఒక్కటే ఉంది. బొద్దింక పిల్లలు బయటికి వస్తే తిత్తి అంచు వెంట విచ్చుకుంటుందట. ఇక్కడ కందిరీగ పిల్లపురుగు లోపలి గుడ్లన్నీ తినేసి, పెద్దదై కొరుక్కుని వచ్చింది.

రెక్కల చీమ, చెదలు, మట్టిగూడు కందిరీగ అంటూ బదులుల్లో వచ్చిన ఊహలు దీనికి సంబంధం లేనివి. ఇది మనుషుల జోలికి రాదు, మందు కొట్టనక్కరలేదు. కనిపిస్తే మాత్రం ఇంట్లో బొద్దింకలున్నట్టే (మా ఆవిడకు ఈ మాట అస్సలు నచ్చలేదు). తేదీ, స్థలం, పక్కనుంచి తీసిన ఫొటోలతో జీవుల ఫొటోలు పంచుకునే ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో నమోదు చేశాను.