లగ్జరీ కారులో రాడార్ డిటెక్టర్: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

ఎడిసన్ ప్రయాణికుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. నాలుగు నెలల క్రితం మెర్సిడెస్ ఇ-క్లాస్ కారును 3 సంవత్సరాల లీజుకు తీసుకున్నాను. మా అక్కయ్య వాళ్లు వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉండటం వల్ల నెలకు ఒకసారైనా టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కి, డెలావేర్, మేరీలాండ్ దాటి అక్కడికి వెళ్లి వస్తుంటాము. గత నెలలో టర్న్‌పైక్‌పై వేగ పరిమితి 65 మైళ్ల నుండి 55కు తగ్గిన చోట బోర్డు గమనించక 71లో వెళ్తూ దొరికిపోయాను. పరిమితిని 15 మైళ్లు దాటితే ఈ రాష్ట్రంలో లైసెన్సుపై 4 పాయింట్లు పడతాయి. ఇక ఇన్సూరెన్సు పెరుగుదల సరేసరి. పందెం వేసి నడిపే అలవాటు నాకు లేదు. ఏమరుపాటున ఉన్నప్పుడు ఒక హెచ్చరిక అందితే చాలునని, పోలీసుల రాడార్ తరంగాలను పసిగట్టి మోగే డిటెక్టర్ కొనాలనుకుంటున్నాను.

నా సందేహాలు ఇవి. ఈ కారు ముందు అద్దానికి ఎండ వేడిని ఆపే పూత ఉంది, పక్క నుండి చూస్తే లేత ఊదా రంగు మెరుస్తుంది. ఆ పూత రాడార్ సిగ్నల్‌ను కూడా ఆపేస్తుందా? తీగ వేలాడకుండా బిగించడం ఎలా? లీజు కారుకు అలా తీగ కలిపితే వారంటీ పోతుందా? ఒక దుకాణంలో అడిగితే అద్దం సంగతి ఊసైనా ఎత్తకుండా, బిగింపుకే 450 డాలర్లు అవుతుందన్నారు. అందుకే అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను.

హెర్న్‌డన్ నివాసి

ఎడిసన్ ప్రయాణికుడు గారూ, ఏది కొనాలన్న మాట కంటే ముందు మీ దారి సంగతి చూడాలి. సొంత కార్లలో రాడార్ డిటెక్టర్‌ను నిషేధించిన రాష్ట్రం అమెరికాలో వర్జీనియా ఒక్కటే. రాష్ట్రం కాని వాషింగ్టన్ డీసీలో కూడా నిషేధం ఉంది. న్యూజెర్సీ, డెలావేర్, మేరీలాండ్‌లలో మీకు ఇబ్బంది లేదు. అయితే వాషింగ్టన్ చుట్టూ ఉన్న బెల్ట్‌వే రింగు రోడ్డు మీద అమెరికన్ లీజియన్ వంతెన ఎక్కి పోటోమాక్ నది దాటారంటే అక్కడి నుండి మా రాష్ట్రమే. ఇక్కడి చట్టం ప్రకారం దాన్ని వాడుతూ పట్టుబడనక్కరలేదు, కారులో బిగించి ఉన్నా తప్పే. పరికరానికి కరెంటు అందకుండా, డ్రైవరుకు గానీ కారులోని మరెవరికి గానీ చేతికి అందని చోట ఉంటే మాత్రం తప్పు కాదని అదే చట్టం చెబుతోంది. అంటే తీగ ఊడదీసి డిక్కీలో పెట్టాలి. ఆపేసి గ్లవ్ బాక్స్‌లో దాస్తే చాలదు.

కొన్ని ఖరీదైన మోడళ్లు, డిటెక్టర్లను పసిగట్టే పోలీసు పరికరాలకు కూడా దొరకవని ప్రకటించుకుంటాయి. ఆ మాట నమ్మి వంతెన దాటకండి, కంటికి కనిపించే పరికరాన్ని పట్టుకోవడానికి వేరే యంత్రం అవసరం లేదు. మరొక విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు. వర్జీనియాలో పరిమితిని 20 మైళ్లు దాటినా, పరిమితి ఎంతైనా సరే 85 మైళ్లకు మించి నడిపినా అది మామూలు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్ అనే క్రిమినల్ నేరం. దానికి 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. వీసా మీద ఉన్నవారు అటువంటి కేసు వస్తే న్యాయవాదిని కలవకుండా జరిమానా కట్టి ఊరుకోకూడదు.

రెండు డిటెక్టర్లు వాడినవాడు

అద్దం గురించి మీ అనుమానం సరైనదే. వేడిని వెనక్కి పంపే లోహపు పూత రాడార్ తరంగాలను కూడా బాగా తగ్గిస్తుంది. ఎంత ఖరీదైన డిటెక్టర్ అయినా ఆ పూత వెనుక పెడితే చెవిలో దూది పెట్టుకున్నట్టే. అయితే టోల్ ట్యాగ్ పనిచేయాలి కనుక, చాలా కార్లలో మధ్య మిర్రర్ దగ్గర పూత లేని ఒక చిన్న భాగాన్ని వదిలిపెడతారు. కారు మాన్యువల్‌లో ఈజీపాస్ (ఆ టోల్ ట్యాగే) ఎక్కడ అంటించాలో బొమ్మ ఉంటుంది, డిటెక్టర్ కూడా ఆ చోటు నుండే రోడ్డును చూడాలి. మిర్రర్ వెనుక ఉన్న కెమెరాకు, వాన సెన్సర్‌కు మాత్రం అడ్డం రాకూడదు.

ఇక ఎంపిక. పోలీసు రాడార్లు మూడు బ్యాండ్లలో, అంటే మూడు తరంగ శ్రేణుల్లో ఉంటాయి. ఎక్స్ బ్యాండ్ 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర, కె బ్యాండ్ 24 దగ్గర, కె-ఎ బ్యాండ్ 33.4 నుండి 36 వరకు. హైవే మీద మీకు ముఖ్యమైనది కె-ఎ. ఎక్స్ బ్యాండ్ చాలా రాష్ట్రాల్లో కనుమరుగైంది కానీ, న్యూజెర్సీ పట్టణాల్లో చాలాకాలం నిలిచిన బ్యాండ్ అది, మీరు దాన్ని సెట్టింగుల్లో ఆపివేయకండి. నేను వాలెంటైన్ వన్ జెన్ 2, యూనిడెన్ ఆర్8 రెండూ వాడాను. రెండింటిలోనూ ముందుకొకటి, వెనక్కొకటి యాంటెన్నాలు ఉండి, సిగ్నల్ ఏ వైపు నుండి వస్తోందో బాణం గుర్తుతో చూపిస్తాయి. వెనుక నుండి వస్తున్న సిగ్నల్‌ను ముందుదనుకుని అనవసరంగా బ్రేకు వేయకుండా ఆ బాణమే కాపాడుతుంది, అందుకే బాణాలు లేనిది కొనవద్దని నా గట్టి అభిప్రాయం. ఆర్8లో జీపీఎస్ లోపలే ఉండటం వల్ల, రోజూ దాటే దుకాణం ఆటోమేటిక్ తలుపు సెన్సర్‌ను (అది కూడా రాడార్ తరంగాలే పంపుతుంది) గుర్తుపెట్టుకుని మోగకుండా ఉండేలా చేయవచ్చు. వాలెంటైన్‌కు ఆ పని ఫోన్‌లోని యాప్ చేయాలి. ఫోన్‌తో జంజాటం వద్దనుకుంటే మీకు ఆర్8 నయం.

డిటెక్టర్‌తో కాని పని కూడా ముందే తెలియాలి. వేగం కొలిచే పోలీసు లేజర్ కిరణం 1,000 అడుగుల దూరంలో సుమారు 3 అడుగుల వెడల్పు మాత్రమే ఉంటుంది. అది మీ కారుపై పడి డిటెక్టర్ మోగే సరికే మీ వేగం వాళ్ల చేతిలో ఉంటుంది. ముందు వెళ్లే కారుపై రాడార్ వదిలినప్పుడు వచ్చే చిన్న మోతే మీకు నిజంగా పనికొచ్చే హెచ్చరిక. ఖాళీ రోడ్డులో మీరొక్కరే ఉంటే అది కూడా దొరకదు.

తీగల పని తెలిసినవాడు

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును, నా కారుకూ స్నేహితుల కార్లకూ ఈ పని చేశాను. దుకాణం అడిగిన 450 డాలర్లు చాలా ఎక్కువ. లీజు కారుకు అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి మిర్రర్ దగ్గరి కరెంటును వాడుకోవడం. అలా అయితే తీగ పొడవు అడుగు కూడా ఉండదు, ఏ భాగాన్నీ కోయనక్కరలేదు. కానీ ఈ కార్లలో మిర్రర్‌కు వెళ్లే తీగల్లో కొన్ని కరెంటువి కావు, కంప్యూటర్ల మధ్య సమాచారం మోసేవి. రంగు చూసి ఊహించి గుచ్చితే వాన సెన్సర్ మొదలు లైట్ల దాకా తప్పుడు సంకేతాలు రావచ్చు. మల్టీమీటర్ పెట్టి, కారు ఆన్‌లో ఉన్నప్పుడు 12 వోల్టులు, తాళం వేసి అరగంట ఆగాక సున్నా చూపే తీగ దొరికితేనే ముందుకు వెళ్లండి.

అటువంటి తీగ దొరకకపోతే ఫ్యూజ్ బాక్స్ నుండి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఉన్న ఫ్యూజ్ చోట గుచ్చి అదనపు తీగ తీసే చిన్న భాగం) తీసుకోవాలి. 2 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. అప్పుడు తీగ పైకప్పు అంచున దూరి, ముందు అద్దం పక్కన ఉండే స్తంభం, అంటే ఏ-పిల్లర్ గుండా దిగుతుంది. ఇక్కడ దయచేసి ఒక్క క్షణం ఆగండి. ఆ పిల్లర్ మూత వెనుక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. తీగ ఎయిర్‌బ్యాగ్‌కు వెనుక నుండి, ఫ్యాక్టరీ తీగల కట్టతో కలిపి కట్టి ఉండాలి. ముందు నుండి అడ్డంగా వెళ్తే ప్రమాద సమయంలో అది సరిగ్గా విచ్చుకోదు. ఆ మూతను పట్టే క్లిప్పులు చాలా కార్లలో ఒక్కసారి వాడేవే, తీశాక కొత్తవి వేయాలి. ఈ పని చేతకాకపోతే సిగరెట్ లైటర్ సాకెట్ నుండి తీగ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

వారంటీ గురించి: 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి పరికరం పెట్టారన్న ఒక్క కారణంతో కారు వారంటీ మొత్తాన్ని రద్దు చేయలేరు. ఆ పరికరం వల్లే చెడిపోయిందని చూపితే మాత్రం ఆ మరమ్మతు ఖర్చు మీదే.

మిస్సిసాగా నుండి

ఎప్పుడైనా నయాగరా దాటి మా వైపు వస్తే డిటెక్టర్‌ను ఇంట్లోనే వదిలి రండి. ఒంటారియోలో అది కారులో ఉండటమే నేరం, డిక్కీలో పెట్టినా ఊరుకోరు. పోలీసులు వెతికి స్వాధీనం చేసుకోవచ్చు, తిరిగి ఇవ్వరు.

ఎడిసన్ ప్రయాణికుడు

అందరికీ కృతజ్ఞతలు. యూనిడెన్ ఆర్8 కొన్నాను. మాన్యువల్‌లో చూపిన చోటనే, మిర్రర్‌కు కుడి వైపు చుక్కల గీతల మధ్య పూత లేని భాగం ఉంది. మొదట పూత మీద, తరువాత ఆ భాగంలో పెట్టి, మా వీధి చివర రాడార్‌తో వేగం కొలిచి చూపే బోర్డు వైపు రెండుసార్లు నడిపి చూశాను. పూత మీద పెట్టినప్పుడు బోర్డు దగ్గరికి వచ్చేదాకా మోగలేదు, రెండోసారి మూల మలుపు తిరగగానే మోగింది. మిర్రర్ తీగల్లో ఒకటి తాళం వేశాక 20 నిమిషాలకు సున్నాకు వచ్చింది, దానికే కలిపాను.

నిన్న యాష్‌బర్న్ వెళ్తూ మేరీలాండ్ హౌస్ అనే హైవే విశ్రాంతి స్థలం దగ్గర కాఫీకి ఆగి, డిటెక్టర్‌ను పట్టీ సహా తీసి డిక్కీలో సూట్‌కేసు కింద పెట్టాను. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడే బిగించాను. ఒక్కటే ఇబ్బంది: పక్క లేన్‌లో కొన్ని కార్లు వచ్చినప్పుడల్లా కె బ్యాండ్ అని మోగుతోంది.

రెండు డిటెక్టర్లు వాడినవాడు

అవి ఆ కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు, అద్దాల్లో కనిపించని పక్క వాహనాలను రాడార్‌తో కనిపెట్టేవి. 24 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి కనుక డిటెక్టర్ వాటిని రాడార్ అనుకుంటుంది. కొత్త కార్లు 77 గిగాహెర్ట్జ్‌కు మారుతున్నా పాతవి ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. మెనూలో కె ఫిల్టర్ ఆన్ చేయండి, సాఫ్ట్‌వేర్‌ను కూడా కంప్యూటర్‌కు కలిపి తాజా చేయండి. కె బ్యాండ్‌ను పూర్తిగా మాత్రం ఆపకండి, మీ ఊరి పోలీసుల రాడార్ అందులోనే ఉండవచ్చు.