పిల్లల పోషణపై అంగన్‌వాడీ, ఏఎన్‌ఎం (ఊళ్లో ఆరోగ్యశాఖ నర్సు) లెక్కలు కలవట్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (కావలి వైపు సూపర్‌వైజర్): ఒకే బిడ్డ మా వర్కర్ పుస్తకంలో మామూలు, ఏఎన్‌ఎం దగ్గర తీవ్ర పోషణలోపం. ఎవరిది పట్టుకోవాలి? ఎన్‌ఆర్‌సీకి (తీవ్ర పోషణలోపం ఉన్న పిల్లల్ని ఉంచి చూసే పోషకాహార పునరావాస కేంద్రం) రాసిచ్చినా తల్లులు పోవట్లేదు.

జవాబు 1: మేడమ్, ఇద్దరూ చూసేది ఒకటేనా? వయసుకు తగ్గ బరువు వేరు, ఎత్తుకు తగ్గ బరువు వేరు. తీవ్రమని రాయాలంటే ఎత్తుకు తగ్గ బరువు మైనస్ 3 ఎస్‌డీ (ఎదుగుదల చార్టులో సగటుకు బాగా కిందుండే గీత) కన్నా కిందుండాలి, లేదా 6–59 నెలల బిడ్డకి జబ్బ కొలత 11.5 సెం.మీ.లోపు, లేదా రెండు పాదాలకూ వాపు. ఏ ఒక్కటున్నా చాలు.

తప్పు ఎక్కువగా ఎత్తులోనే. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. నిలబెడితే 0.7 సెం.మీ. కలపాలి, అది ఎవరూ కలపరు! జబ్బ టేపు ఎడమచేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో. బిగిస్తే కొలత తగ్గిపోద్ది. ఆరోగ్య పోషణ దినం నాడు ఇద్దరూ కలిసి ఒకే కాటా మీద తూచి, అక్కడికక్కడే రెండు రికార్డుల్లోనూ రాయండి.

జవాబు 2: అందర్నీ ఎన్‌ఆర్‌సీకి పంపడమెందుకు? ముందు ఏఎన్‌ఎం ఆకలి పరీక్ష (పెట్టింది బిడ్డ తింటోందా అని చూడటం) చేయాలి. బాగా తింటూ, జ్వరం, వాపు లేకపోతే అంగన్‌వాడీ కేంద్రంలోనే చూసుకోవచ్చు. పంపాల్సొస్తే అక్కడ సుమారు రెండు వారాలు ఉండాలని, తల్లికి కూలి పరిహారం ఉంటుందని ఆశా ముందే చెప్పాలి. ఇంట్లో పెద్దపిల్లల్ని ఎవరు చూస్తారన్నదే అసలు అడ్డం. అది పంచాయతీతో మాట్లాడండి.

జవాబు 3: ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం) బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఇలాంటి పిల్లల జాబితా వాళ్లకి ముందురోజే ఇవ్వండి.