‘డ్రై అప్’లో పైకి పోయేది ఏమిటి?

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేశారు. అమలాపురం దగ్గర మా చేలో బోదె (పిల్లకాలువ) ఎండిపోయింది. దీన్ని ఇంగ్లీషులో ‘డ్రై అప్’ అనాలని మా అబ్బాయి చదివాడట. “అప్ అంటే పైకి కదా, నీరు ఆవిరై పైకి పోతుందనా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఎవరైనా చెబుతారా?

జవాబు: ఊహ బాగుంది గానీ ఆవిరికీ దీనికీ సంబంధం లేదండీ. ‘బట్టలు ఎండాయి’, ‘బోదె ఎండిపోయింది’ పక్కపక్కన పెట్టి చూడమనండి. మొదటిది సంతోషం, రెండోది చుక్క మిగలకపోవడం. అందులోని ‘పోయింది’ ఎక్కడికీ పోలేదు, పని పూర్తిగా ముగిసిందని చెబుతోంది. ‘అప్’ చేసే పనీ అదే. ‘ఈట్’ అంటే తినడం, ‘ఈట్ అప్’ అంటే కంచం ఖాళీ చేసి తినేయడం. దానంతట అది జరిగితే మనం ‘పోవు’ అంటాం, ఒకరు చేస్తే ‘వేయు’ అంటాం. ఇంగ్లీషు రెండింటికీ ఒక్క ‘అప్’తో సరిపెట్టుకుంది.

అన్నీ ఇలా లొంగవు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం, ముక్కలు చేస్తే ఏమీ దొరకదు. మనకూ ఉన్నాయి లెండి: నీటి సంఘంలో నా మాట కొట్టిపారేశారంటే కొట్టిందీ లేదు, పారేసిందీ లేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, విదేశీయులకు అన్నిటికన్నా కష్టం ఇలా క్రియకు ‘అప్’, ‘ఆఫ్’ లాంటి తోక తగిలించిన మాటలతోనేనని రాశాడు. మీ వాడు సిగ్గుపడనక్కరలేదు.

తోక మారితే ఎంత మారుతుందో మన వైపు వాళ్లకు చెప్పాలా? గట్టుకు గండి పడిందంటే తప్పు వరదది. గండి కొట్టారంటే ఊళ్లో తగాదా. అలాగే ‘టర్న్ డౌన్’ అంటే కాదనడం, ‘టర్న్ అప్’ అంటే పిలవకుండా ఊడిపడడం.

మరొకరు: పోలిక బాగుంది గానీ ఒక తేడా వదిలేశారు. ‘నీళ్లు తాగేశాడు’ అంటాం, ‘తాగి నీళ్లు వేశాడు’ అనం. ఇంగ్లీషులో నడుమ దూర్చవచ్చు. వాయిదా వేయడానికి ‘పుట్ ఆఫ్’ వాడితే ‘ఇట్’ నడుమే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. చూసుకోవడానికి వాడే ‘లుక్ ఆఫ్టర్’లో మాత్రం చివరే. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే.

మొదట అడిగినవారు: చదివి వినిపించాను. వాడికి ఇంకో సందేహం వచ్చింది. తాటాకిల్లు తగలబడితే ‘బర్న్ డౌన్’ అనీ ‘బర్న్ అప్’ అనీ రెండూ అంటారట, పైకీ కిందకీ ఒకటేనా అని.

జవాబు: కూలడం చూసినవాడు ‘డౌన్’ అన్నాడు, ఏమీ మిగలకపోవడం చూసినవాడు ‘అప్’ అన్నాడు. మనం ‘తగలబడిపోయింది’ అని, పడటాన్నీ పోవడాన్నీ ఒకే మాటలో ఇరికించాం.