మారేడుమిల్లి అడవిలో రాత్రి గబ్బిలాలను చూడడం గురించి సలహా కావాలి

తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి దగ్గర, ఇప్పచెట్లు పూసే మార్చి నెలాఖరులో, అనుమతి ఉన్న గుడారాల ఆవరణలోనే రెండు రాత్రులు ఉండి గబ్బిలాలను గమనించాలని నేనూ మా అమ్మాయీ అనుకుంటున్నాము. ఇప్పపూల కోసం వచ్చే పెద్ద పండ్ల గబ్బిలాలు కళ్లతోనూ వాసనతోనూ దారి వెతుక్కుంటాయి కనుక చెట్టుకు దూరంగా కదలకుండా కూర్చుంటే కనిపిస్తాయని నా నమ్మకం. పురుగులను తినే చిన్న గబ్బిలాల సంగతి వేరు, అవి తాము చేసే ధ్వని ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కుంటాయి. అవి చేసే ధ్వని చాలావరకు మన చెవికి అందే 20 కిలోహెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే ఫోను రికార్డింగులో, ఆ సంఖ్యలో సగమైన 24 కిలోహెర్ట్జ్‌లకు మించినదేదీ నమోదు కాదు. అందువల్ల ఆ ధ్వనిని మన చెవికి అందేలా మార్చి అక్కడికక్కడే వినిపించే సాధారణ పరికరం కొనడం మేలా, లేక మన చెవికి అందని ధ్వనిని నమోదు చేసేలా ఫోనుకు తగిలించే అల్ట్రాసోనిక్ మైక్రోఫోను మేలా అన్నది వాడినవారు చెప్పగలరా?

గుడ్లగూబలు, పునుగుపిల్లులు కూడా కనిపించవచ్చు కాబట్టి, వాటి కళ్లకు ఇబ్బంది కలగకుండా టార్చికి ఎర్రకాగితం కడితే సరిపోతుందా, అసలు దీపమే వెలిగించకపోవడం మంచిదా? ఏదీ కనిపించకపోయినా ఫరవాలేదు గాని, మా వల్ల ఏ ప్రాణీ మేత వదిలి పారిపోకూడదు. ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి కదా, పిల్లలతో ఉన్నప్పుడు రాత్రి ఎన్ని గంటల వరకు గుడారం బయట కూర్చోవచ్చో, వెన్నెల రాత్రులు ఎంచుకోవాలో చీకటి రాత్రులు ఎంచుకోవాలో అక్కడ బస చేసినవారు దయచేసి తెలియజేయగలరు.