కోస్తా ఉక్కలో మార్వాడీ గుర్రం: పొడిబారిన చర్మం, మెరుపు తగ్గిన వెంట్రుకలు

ప్రశ్న (కాకినాడ పరిసరాల నుంచి)

మిత్రులకు నమస్కారం. మా దగ్గర ఏడేళ్ల మార్వాడీ ఆడగుర్రం ఉంది. నిరుడు చలికాలంలో రాజస్థాన్ నుంచి తెచ్చినప్పుడు దాని ఒళ్లు నిగనిగలాడుతూ ఉండేది. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి వెంట్రుకలు బిరుసెక్కి కళ తప్పాయి. మెడ మీద, ముఖం మీద చేత్తో రాస్తే చుండ్రులాంటి పొట్టు రాలుతోంది. దురద పెద్దగా లేదు, పుండ్లు అసలే లేవు. మేతగా వరిగడ్డి, గట్ల మీద కోసిన కొద్దిపాటి పచ్చిగడ్డి, రెండు పూటలా ఉడికించిన ఉలవలు, తవుడు పెడుతున్నాము. అప్పుడప్పుడు సుబాబుల్ రొట్ట కూడా వేస్తాము. ఉక్క ఎక్కువ కాబట్టి రోజూ సబ్బుతో కడిగి, ఒళ్లు ఆరిన తరువాత కొబ్బరినూనె రాస్తున్నాము. రాసిన పూట బాగానే కనిపిస్తుంది కానీ, మరునాటికి దుమ్ము పట్టి మళ్లీ మొదటికే వస్తుంది. ఆవులకు వాడే పిడుదుల మందు పిచికారీ చేయమని ఊళ్లో ఒకరు చెప్పారు. అది గుర్రానికి సరిపడుతుందో లేదో తెలియక ఇంకా వాడలేదు. మేతలో ఏమి మార్చాలో, పైన ఏమి పూయాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం (హైదరాబాద్ శివారులో గుర్రాలను పెంచేవారు)

నమస్కారమండీ. ముందుగా ఆ మందు సంగతి చెబుతాను. పశువుల పిడుదుల మందుల్లో కొన్నింటిలో అమిట్రాజ్ ఉంటుంది. అది గుర్రం పేగుల కదలికను మందగింపజేసి ప్రాణాల మీదికి తెచ్చే కడుపునొప్పిని కలిగించగలదు కనుక దాన్ని లాయం దరిదాపులకు కూడా రానివ్వకండి. కోళ్ల దాణాలోనూ కొన్ని రకాల పశువుల దాణాలోనూ కలిపే మోనెన్సిన్ కూడా అంతే ప్రమాదకరం. అది గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఎవరైనా చవకగా దాణా ఇస్తామంటే ఈ మాట గుర్తుంచుకోండి.

సుబాబుల్ రొట్ట ఈ రోజే ఆపేయండి. అందులోని మైమోసిన్ అనే పదార్థం వెంట్రుకల కుదుళ్లను దెబ్బతీస్తుంది. నెమరువేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరిచేయగలవు గానీ గుర్రానికి ఆ సౌకర్యం లేదు. ఎక్కువ కాలం మేస్తే జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి. మన కోస్తా జిల్లాల్లో ఆ చెట్టు విరివిగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్ని మంచి పచ్చిమేతగానే చూస్తారు. మేకలకు అది నిజమే కావచ్చు, గుర్రానికి మాత్రం కాదు.

ఇక అసలు మేత గురించి. వెంట్రుక దాదాపు పూర్తిగా మాంసకృత్తులతో తయారయ్యేదే. దాని నునుపు లోపలి నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాల మీద, రాగి, జింకు వంటి ఖనిజాల మీద ఆధారపడి ఉంటుంది. వరిగడ్డిలో ఇవేవీ తగినంత ఉండవు. పచ్చిగడ్డిలో సమృద్ధిగా ఉండే ఒమేగా 3 కొవ్వు, విటమిన్ ఇ ఎండిన గడ్డిలో చాలావరకు పోతాయి. మీ గుర్రం రాజస్థాన్‌లో ఏమి తిన్నదో నాకు తెలియదు గానీ, ఇక్కడ మీరు పెడుతున్న మేత మీదే అయితే దాని ఒళ్లు మెరవడం కష్టం. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, సున్నం (కాల్షియం) చాలా తక్కువ. దానికి తోడు వరిగడ్డిలోనూ నేపియర్ గడ్డిలోనూ ఉండే ఆక్సలేట్లు ఉన్న కాస్త సున్నాన్ని కూడా పట్టేస్తాయి. ఇది ఏళ్ల తరబడి సాగితే ముఖం ఎముకలు ఉబ్బే జబ్బు వస్తుంది. అందువల్ల తవుడును క్రమంగా తగ్గించి, ఆ స్థానంలో లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం పెట్టండి. అందులో మాంసకృత్తులు, సున్నం రెండూ బాగా ఉంటాయి. 400 కిలోల గుర్రానికి ఎండుమేత లెక్కన రోజుకు కనీసం 6 కిలోల గడ్డి పడాలి, దాణా ఆ తరువాతే.

పైన నూనె రాయడం కంటే లోపలికి అవిసె గింజలు ఇవ్వడం ఎంతో మేలు. రోజుకు గుప్పెడు గింజలతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలలో 150 గ్రాముల వరకు పెంచండి. ఏ పూటకు ఆ పూట పొడి చేసి దాణాలో కలపాలి, పొడి నిలవ ఉంటే కనరెక్కుతుంది. గుర్రాల కోసమే తయారైన ఖనిజ మిశ్రమం, రోజుకు 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కూడా ఇవ్వండి. ఈ మార్పులలో ఏదీ ఒక్కసారిగా చేయకండి. గుర్రం పేగు హఠాత్తు మార్పును తట్టుకోదు.

సబ్బు మానేయండి. చర్మం తనంతట తాను స్రవించే కొవ్వును మీరు రోజూ కడిగేస్తున్నారు. దానికి బదులు రబ్బరు దువ్వెనతో గుండ్రంగా రుద్ది, తరువాత మెత్తటి బ్రష్‌తో వెంట్రుకలు వాలిన దిశలో గట్టిగా దువ్వితే ఆ కొవ్వే ఒళ్లంతా పరుచుకుంటుంది. మంచి సైస్ (గుర్రాలను చూసుకునే పనివాడు) ఉన్న లాయంలో గుర్రాలు మెరవడానికి ఈ మాలీసే, అంటే ఇలా రుద్ది దువ్వడమే, ముఖ్య కారణమని నా నమ్మకం.

రెండవ సమాధానం (పశువైద్యులు, విశాఖపట్నం)

పై సలహాలు సరైనవే. అయితే మీ వివరణలో నన్ను ఆపిన విషయం వేరే ఉంది. పొడి దేశం నుంచి తేమ ప్రాంతానికి వచ్చిన గుర్రం, మొదటి వేసవి, ముఖం మీద పొట్టు, దురద లేకపోవడం. వీటన్నింటినీ కలిపి చూస్తే ఒక ప్రశ్న అడగాలి: నడిపించి తెచ్చిన తరువాత దానికి చెమట పడుతున్నదా? జీను కింద, జూలు కింద, మోచేతుల దగ్గర మాత్రమే తడిగా ఉండి మిగతా ఒళ్లు పొడిగా ఉంటున్నదా? నీడన నిలబడిన చాలాసేపటి వరకు రొప్పుతున్నదా? పని తరువాత ఉష్ణోగ్రత కొలిచి చెప్పండి. మామూలుగా అది 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే ఉంది. నిన్న సాయంత్రం కొద్దిసేపు నడిపించి తెచ్చాక ఛాతీ, పక్కలు పూర్తిగా పొడిగానే ఉన్నాయి, జూలు కింద మాత్రమే తడి. అరగంట తరువాత కూడా ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతూనే ఉంది. ఉష్ణోగ్రత 103 చూపించింది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

అలా అయితే ఇది అన్‌హైడ్రోసిస్, అంటే చెమట పట్టే శక్తి తగ్గిపోయిన స్థితి అయ్యే అవకాశం ఎక్కువ. ఆంగ్లేయులు చల్లని దేశం నుంచి తెచ్చిన గుర్రాలలో ఇక్కడ ఇది కనిపించేది; ఏ జాతి గుర్రానికైనా రావచ్చు. గుర్రం ఒంట్లోని వేడి ప్రధానంగా చెమట ద్వారానే పోతుంది కాబట్టి, ఇప్పుడు దాని మెరుపు కంటే ప్రాణం ముఖ్యం. స్వారీ, బండి పని పూర్తిగా ఆపండి. లాయంలో పెద్ద ఫ్యాన్లు పెట్టి, మధ్యాహ్నపు వేళల్లో చల్లటి నీళ్లు ఒంటి మీద పోస్తూనే ఉండండి. మామూలు నీళ్లతో చర్మానికి హాని లేదు, హాని సబ్బుతోనే. తాగడానికి నీరు ఎప్పుడూ ఎదుట ఉండాలి. ఉష్ణోగ్రత 104 దాటితే ఆలస్యం చేయకుండా దగ్గరి పశువైద్యుణ్ణి పిలిపించండి.

నిర్ధారణకు టెర్బుటలిన్ మందును అతి తక్కువ మోతాదుల్లో చర్మంలోకి ఎక్కించి, అక్కడ చెమట పడుతుందో లేదో చూస్తారు. అదే రోజు పేడ పరీక్ష చేయించి నులిపురుగుల సంగతి తేల్చుకోండి, దంతాలు చూపించండి, పొట్టు రాలే చోట చర్మం గీకి తామర పరీక్షకు పంపమని అడగండి. తామర మనుషులకు కూడా అంటుకుంటుంది కాబట్టి ఫలితం వచ్చేవరకు ఈ గుర్రం దువ్వెన, జీను కింది గుడ్డ మరో గుర్రానికి వాడకండి, తాకిన తరువాత చేతులు కడుక్కోండి.

ఈ స్థితికి ఖచ్చితమైన మందు లేదు. వాతావరణం చల్లబడితే చాలా గుర్రాలలో చెమట తిరిగి వస్తుంది, కొన్నింటికి మరుసటి వేసవిలో మళ్లీ తగ్గుతుంది. వీలుంటే వచ్చే ఏడాది మార్చి నుంచి దాన్ని ఎత్తైన చల్లని చోట ఉంచే ఏర్పాటు చేసుకోండి. మేత మార్పుల ఫలితం కొత్త వెంట్రుక పెరిగితేనే తెలుస్తుంది, అందుకు రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా రోజూ ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసిపెట్టి ఆ పట్టికను పరీక్ష చేసే డాక్టరుకు చూపించండి.