జీతం స్లిప్ లేని కేన్సర్ పేషెంట్‌కి జీన్ టెస్ట్ సహాయం ఫారం, ఏ ప్రూఫ్ పెట్టాలి?

హ్యూస్టన్‌లో మా పక్కింటి మెక్సికన్ ఆవిడకి 54 ఏళ్లు, సిగరెట్ ముట్టిందే లేదు, మూడు వారాల క్రితం లంగ్ కేన్సర్ స్టేజ్ 4 అని తేలింది, అడినోకార్సినోమా అనే రకం. బయాప్సీ ముక్క చిన్నదైపోయి జీన్ టెస్ట్‌కి సరిపోలేదన్నారు. లాటినో పేషెంట్లలో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ (కేన్సర్ కణాల జీన్‌లో ఒక మార్పు) ఎక్కువగానే కనిపిస్తుంది, అది ఉంటే ఆసిమెర్టినిబ్ మాత్రతో మొదలెట్టొచ్చు, అందుకే ఈ టెస్ట్ వదలబుద్ధి కావట్లేదండి. రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీకి డాక్టర్ గారు సరే అన్నారు గానీ ఆవిడకి ఇన్సూరెన్స్ లేదు.

టెస్ట్ ఖర్చు కోసం ల్యాబ్ వాళ్ల సహాయం ఫారం రెండుసార్లు పంపాం, రెండుసార్లూ ఆదాయం ప్రూఫ్ లేదని వెనక్కొచ్చింది, ఆవిడ ఇళ్లు క్లీన్ చేసి క్యాష్ తీసుకుంటుంది, పే స్టబ్ లేదు టాక్స్ రిటర్న్ లేదు, చేత్తో రాసిన లెటర్ పెట్టినా ఒప్పుకోలేదు. స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ని అడిగితే 40 నిమిషాలు హోల్డ్‌లో పెట్టి కాల్ కట్ అయింది. వాళ్ల పదో క్లాసు పాపే అన్నీ అనువాదం చేస్తోంది, చూడలేకపోతున్నాం. వచ్చే సోమవారం కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) మొదలెడతారట, ఈ ఇమ్యునోథెరపీ ముందు పడితే తర్వాత ఆసిమెర్టినిబ్ ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లో వాపు వచ్చే రిస్క్ పెరుగుతుంది.

క్యాష్ పని చేసేవాళ్లకి ఇలాంటి ఫారంలో ఆదాయం ప్రూఫ్‌గా మీరు ఏ కాగితం పెడితే యాక్సెప్ట్ అయింది?